యూనిఫాం లేకుండా రక్షణ దళాల్లో ఉద్యోగం: టెన్త్ నుంచి బీటెక్ దాకా ఎవరికి ఏ దారి

అగ్నివీర్ ర్యాలీలో ఎత్తు చాలలేదనో, మెడికల్‌లో కంటిచూపు దగ్గర ఆపేశారనో, వయసు ఆర్నెల్లు దాటిందనో వెనక్కి వచ్చిన కుర్రాళ్లు చాలామంది మిలిటరీ ఆశ అక్కడే వదిలేసుకుంటారు. డాక్‌యార్డులో యుద్ధనౌకకు వెల్డింగ్ చేసేవాళ్లు, ఆయుధ డిపోలో సరుకు లెక్క రాసేవాళ్లు, కంటోన్మెంట్‌లో నీళ్లు, కరెంటు చూసేవాళ్లు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఆఫీసులో ఫైళ్లు నడిపేవాళ్లలో ఎంతోమంది యూనిఫాం లేని మామూలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. వీళ్లను డిఫెన్స్ సివిలియన్లు అంటారు.

విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ అంటే అందరికీ తెలుసు. ఆ పేరు నేవల్ ఆర్మమెంట్ డిపోది. అందులోనూ, నేవల్ డాక్‌యార్డులోనూ, నౌకలకు సామగ్రి అందించే మెటీరియల్ ఆర్గనైజేషన్‌లోనూ పనిచేసేవాళ్లలో సివిలియన్లు చాలామంది. సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు వెళ్తే సైన్యానికి ఆయుధాలు, సామగ్రి అందించే ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ సెంటర్, వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ సెంటర్ ఉన్నాయి. దుండిగల్, హకీంపేట, బాపట్ల దగ్గర సూర్యలంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు సరేసరి. మన ఇంటి పక్కనే ఉన్న ఈ ఉద్యోగాలకు బయటి రాష్ట్రాల వాళ్లు నోటిఫికేషన్ పట్టుకుని వచ్చి చేరుతుంటే మనవాళ్లు చాలామంది కాగితాల దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఇందులో పరీక్ష కంటే కాగితాల గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ముందు అసలేదో, అలా కనిపించేదేదో తేల్చుకోండి

డిఫెన్స్ సివిలియన్‌కు జీతం రక్షణ బడ్జెట్ నుంచి వస్తుంది. ఆర్మీ యాక్ట్ వర్తించదు, సెల్యూట్ కొట్టే పని లేదు. క్రమశిక్షణ వ్యవహారాలన్నీ కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సీసీఎస్ సీసీఏ నియమాల ప్రకారమే నడుస్తాయి. సర్వీసు వివాదం వస్తే సైనికుడు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్తాడు, సివిలియన్ క్యాట్‌కు, అంటే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్తాడు. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి: మిగతా కేంద్ర ఉద్యోగులకు రాజ్యాంగం 311వ అధికరణం కింద ఉండే, విచారణ లేకుండా ఉద్యోగంలోంచి తీసేయకూడదన్న రక్షణ వీళ్లకు లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. రోజువారీ ఉద్యోగంలో దీని ప్రభావం పెద్దగా కనిపించదు కానీ, తెలిసి చేరడం మంచిది.

ఇక పైకి ఒకేలా కనిపించి లోపల వేరుగా ఉండేవి కొన్ని ఉన్నాయి. క్షిపణులు చేసే హైదరాబాద్ బీడీఎల్, విమానాలు చేసే బెంగళూరు హెచ్ఏఎల్, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ ప్రభుత్వ రంగ కంపెనీలు. జీతాలు బాగానే ఉంటాయి, నియమాలు మాత్రం కంపెనీవి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఒకప్పుడు నేరుగా రక్షణ శాఖ కింద ఉండేది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు అది ఏవీఎన్ఎల్, అంటే ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వెళ్లింది. "మా మామయ్య ఆర్డినెన్స్‌లో పర్మినెంట్, నాకూ అలాగే వస్తుంది" అనుకుని ఇప్పుడు అక్కడ అప్లై చేసేవాళ్లు, పోస్టు రెగ్యులరా, నిర్ణీత కాలానికి ఇచ్చే కాంట్రాక్టా అన్నది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఆర్మీ పబ్లిక్ స్కూల్ టీచర్లు, కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల సిబ్బంది సొసైటీల ఉద్యోగులు. యూనిట్ నడుపుకునే క్యాంటీన్లో బిల్లింగ్ చేసే అబ్బాయి ప్రభుత్వ ఉద్యోగి కాడు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ అంటారా, అది యూనిఫాం వేసుకునే ఆఫీసర్ ఉద్యోగమే. మెస్‌లో, గేటు దగ్గర ఏజెన్సీ ద్వారా తీసుకునే పనులు కూడా "డిఫెన్స్ జాబ్" పేరుతోనే తిరుగుతుంటాయి. పే లెవల్ (జీతం మెట్టు) రాయని, గ్రూప్ ఏ, బీ, సీల్లో ఏదో చెప్పని ప్రకటన కనిపిస్తే అది ఈ కోవలోది కాదనే అనుకోండి.

2. మీ చదువుకు తగిన తలుపు ఎంచుకోండి

టెన్త్ మాత్రమే ఉంటే. ఆర్మీ ఆర్డినెన్స్ కోర్, అంటే ఏఓసీ, ట్రేడ్స్‌మన్ మేట్ (నిపుణ కార్మికుడికి సహాయకుడు), ఫైర్‌మన్ పోస్టులు తీస్తుంది. దీని సెంట్రల్ రిక్రూట్‌మెంట్ సెల్ ఉన్నది సికింద్రాబాద్‌లోనే, పోస్టులు మాత్రం దేశమంతటి డిపోల్లో ఉంటాయి. 2023లో వచ్చిన రిక్రూట్‌మెంట్‌లో 1,249 ట్రేడ్స్‌మన్ మేట్, 544 ఫైర్‌మన్ కలిపి 1,793 పోస్టులు వచ్చాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్) పరీక్ష ద్వారా వచ్చే పోస్టుల్లో కూడా కొన్ని రక్షణ శాఖ ఆఫీసుల్లోవి. హెవీ లైసెన్స్, రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు సివిలియన్ మోటార్ డ్రైవర్ పోస్టులున్నాయి.

టెన్త్‌తో పాటు ఐటీఐ ఉంటే దారులు పెరుగుతాయి. నౌకాదళం ఇన్‌సెట్ పేరుతో, అంటే ఇండియన్ నేవీ సివిలియన్ ఎంట్రన్స్ టెస్ట్ పేరుతో, తన కమాండ్లన్నిటికీ కలిపి ఒకే పరీక్ష పెడుతోంది. 2023 చివర్లో వచ్చిన తొలి ఇన్‌సెట్‌లో 910 పోస్టులుంటే అందులో 610 ట్రేడ్స్‌మన్ మేట్‌వే. దీనికి సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్ అడిగారు. ఏఓసీ ట్రేడ్స్‌మన్ మేట్‌కు టెన్త్ సరిపోతుంది, నేవీ ట్రేడ్స్‌మన్ మేట్‌కు సరిపోదు. పోస్టు పేరు ఒకటే కదా అని ఒకదాని అర్హత రెండోదానికి అన్వయించుకుంటే ఫీజు, టైము రెండూ దండగ. ఫైర్‌మన్ సంగతీ అంతే: ఆర్మీలో టెన్త్ చాలు, 2024 నేవీ నోటిఫికేషన్ ఇంటర్‌తో పాటు ఫైర్‌ఫైటింగ్ కోర్సు సర్టిఫికెట్ అడిగింది.

ఐటీఐ పిల్లలకు ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. నేవీలో ట్రేడ్స్‌మన్ స్కిల్డ్ అనే పోస్టు మేట్ కంటే ఒక మెట్టు పైన, లెవల్ 2లో మొదలవుతుంది. దీనికి ఐటీఐ మెమో పట్టుకెళ్తే తీసుకోరు. ఆ ట్రేడ్‌లో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసిన సర్టిఫికెట్ కావాలి. కొన్నిసార్లు నౌకాదళ సంస్థల్లో అప్రెంటిస్ చేసినవాళ్లకే పరిమితం చేస్తారు. అందుకని ఐటీఐ అయిపోగానే ఊళ్లో ఏదో షాపులో చేరేకంటే విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిసెస్ స్కూల్‌కు అప్లై చేయడం మేలు. ఏటా నోటిఫికేషన్ వస్తుంది, 2025-26 బ్యాచ్‌కు 275 సీట్లిచ్చారు. టెన్త్‌లో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు కావాలి. రాతపరీక్షలో 75 ప్రశ్నలు: మ్యాథ్స్ 30, జనరల్ సైన్స్ 30, జీకే 15. గంట టైము. ప్రశ్నలు ఆ స్థాయివే కాబట్టి టెన్త్ పుస్తకాలు శ్రద్ధగా తిరగేసినవాడికి కష్టం కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం గ్యారంటీగా ఇస్తారని ఎవరన్నా చెబితే నమ్మకండి. అక్కడ వచ్చేది సర్టిఫికెట్, పని అనుభవం, కొంత స్టైపెండ్. తర్వాత నోటిఫికేషన్ పడినప్పుడు మాత్రం ఆ సర్టిఫికెట్ లేనివాళ్లంతా పోటీలోంచి తప్పుకుంటారు.

ఐటీఐ వాళ్లకే డీఆర్‌డీఓలో టెక్నీషియన్-ఏ పోస్టులు కూడా ఉన్నాయి. డీఆర్‌డీఓ రక్షణ దళం కాదు, రక్షణ శాఖ పరిశోధన సంస్థ. హైదరాబాద్‌లో దాని ల్యాబులు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్, డీఎంఆర్ఎల్, విశాఖలో ఎన్ఎస్‌టీఎల్ ఉన్న తెలుగువాళ్లు దాన్ని వదులుకోవడం తెలివితక్కువ.

ఇంటర్ ఉండి టైపింగ్ వస్తే ఎల్‌డీసీ (లోయర్ డివిజన్ క్లర్క్), జూనియర్ ఆఫీస్ అసిస్టెంట్ పోస్టులు. కంప్యూటర్ మీద ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాలు కొట్టాలి. మన టెక్నికల్ బోర్డు టైప్‌రైటింగ్ లోయర్ స్థాయి 30 పదాలే, కాబట్టి లోయర్ పాసయ్యామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. హయ్యర్‌కు ప్రాక్టీస్ చేసినవాళ్లు నిశ్చింతగా కూర్చోవచ్చు.

ఏదైనా డిగ్రీ ఉంటే ఏఓసీలో మెటీరియల్ అసిస్టెంట్ చూడండి. లెవల్ 5, మూలవేతనం 29,200 నుంచి మొదలు. డిగ్రీ వాళ్లతో పాటు ఇంజినీరింగ్ డిప్లొమా వాళ్లూ అర్హులే. పెద్దగా ప్రచారం లేని పోస్టు ఇది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్‌లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ హెడ్‌క్వార్టర్స్ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, డిఫెన్స్ అకౌంట్స్ శాఖ ఆడిటర్ లాంటివి ఉంటాయి. మొదటిదానికి ఢిల్లీలో ఉండాల్సి వస్తుందని తెలిసే ప్రాధాన్యం ఇవ్వండి.

డిప్లొమా లేదా ఎంపీసీ బీఎస్సీ వాళ్లకు నేవీ ఛార్జ్‌మన్ (వర్క్‌షాప్ సూపర్‌వైజర్), డీఆర్‌డీఓ సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్-బీ. రెండూ లెవల్ 6, మూలవేతనం 35,400. డీఆర్‌డీఓ పోస్టు విషయంలో బీటెక్ వాళ్లకు ఒక చిక్కుంది. డిప్లొమా చేసి ఆ తర్వాత బీటెక్ పూర్తిచేసినవాళ్లు "ఎక్కువ చదివాం కదా" అనుకుంటారు. ఎక్కువ అర్హత ఉన్నవాళ్లను పరిగణించబోమని అక్కడ షరతు పెట్టిన సందర్భాలున్నాయి. ఈ లైన్ చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, వెతికి చదవండి. సైనిక స్థావరాల భవనాలు, నీళ్లు, కరెంటు చూసే మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో, అదే ఎంఈఎస్‌లో, జూనియర్ ఇంజినీర్‌ను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జేఈ పరీక్ష ద్వారా తీసుకుంటారు. డిగ్రీ ఉంటే నేరుగా అర్హులు, డిప్లొమా వాళ్లను రెండేళ్ల అనుభవం అడుగుతూ వచ్చారు. ఒక కాంట్రాక్టర్ దగ్గర సైటు పనిచేసి ఉంటే లెటర్‌హెడ్ మీద తేదీలతో, చేసిన పని వివరంతో అనుభవ పత్రం ఇప్పుడే రాయించుకోండి. మూడేళ్ల తర్వాత ఆ కాంట్రాక్టర్ ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు.

బీటెక్ వాళ్లకు పై దారి యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసెస్. అందులోంచి ఎంఈఎస్ ఆఫీసర్లు, ఇండియన్ నేవల్ ఆర్మమెంట్ సర్వీస్ ఆఫీసర్లు వస్తారు. గేట్ స్కోర్ ఉంటే డీఆర్‌డీఓ సైంటిస్ట్-బీ. గేట్‌తో షార్ట్‌లిస్ట్ చేసి ఇంటర్వ్యూ పెడతారు, రెండూ లెవల్ 10. సివిల్స్ రాసేవాళ్లకు డిఫెన్స్ అకౌంట్స్, డిఫెన్స్ ఎస్టేట్స్ సర్వీసులు ఎలాగూ జాబితాలో కనిపిస్తాయి.

3. నోటిఫికేషన్ రాకముందే కాగితాలు సరిచేసుకోండి

మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

పేరుతో మొదలుపెడదాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్. ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర్లో. ఇంకోచోట "లక్ష్మి"కి ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎక్కువ. మన దగ్గర ఏ మీసేవా కౌంటర్లోనూ దీన్ని ఎవరూ పట్టించుకోరు. సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ అవతల కూర్చున్న ఉత్తరాది గుమస్తాకు మాత్రం ఇంటిపేరు ముందుంటే ఒక మనిషి, వెనకుంటే ఇంకో మనిషి. ఆధారం టెన్త్ మెమో. పుట్టినతేదీకి కూడా అదే ఆధారం. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా అన్నీ మెమోలో ఉన్న స్పెల్లింగ్‌కు, అదే వరుసకు మార్పించుకోండి. అప్లికేషన్‌లోనూ అలాగే నింపండి. మార్చడం కుదరని పాత సర్టిఫికెట్ ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోండి.

తర్వాత కులం. బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉన్న రాష్ట్ర సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరు) అని స్పష్టంగా రాసిన ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. మీసేవాలో దీనికి విడిగా అప్లికేషన్ ఉంటుంది. దానికంటే ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి, బీసీ-ఈలో ఈ సమస్య ఎక్కువ. అలాంటివాళ్లు మిగతా షరతులు సరిపోతే కేంద్ర ఉద్యోగాల వరకు ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా బలహీన వర్గాల కోటా అడగొచ్చు. ఈ సంగతి తెలియక జనరల్‌లో రాస్తున్నవాళ్లు ఎందరో.

ఆదాయం లెక్క రెండిటికీ ఒకటి కాదు. ఓబీసీ క్రీమీలేయర్ 8 లక్షల లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. వాళ్లు చేసే ఉద్యోగం ఏ గ్రూపుదన్నది విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో అన్నీ కలుపుతారు, పైగా ఐదెకరాలు, అంతకు మించి వ్యవసాయ భూమి ఉంటే అనర్హులు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదన్నది కూడా చూస్తారు, పోయినేటిది జిరాక్స్ తీసి పెడితే కుదరదు. ఓబీసీ సర్టిఫికెట్ ఏ తేదీల మధ్య జారీ అయి ఉండాలన్నది నోటిఫికేషన్‌లో రాస్తారు. అప్లికేషన్ గడువు ముగిసే ముందు తహసీల్దార్ ఆఫీసుకు పరుగెత్తితే ఆ వారమే ఆయన సెలవులో ఉంటారు, ఇది రాసిపెట్టినట్టు జరుగుతుంది.

వయసు. రాష్ట్ర ఉద్యోగాలకు నలభై దాటాక కూడా రాసే అలవాటు మనకుంది. ఇక్కడ ట్రేడ్స్‌మన్ మేట్, ఫైర్‌మన్ లాంటివాటికి 18 నుంచి 25 ఏళ్లు, మెటీరియల్ అసిస్టెంట్‌కు 27. ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు, ఈడబ్ల్యూఎస్‌కు ఏమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సడలింపులు ఇక్కడ లెక్కలోకి రావు. లోకల్, నాన్‌లోకల్ అనే మాట కూడా ఉండదు, విశాఖ పోస్టుకు బిహార్ కుర్రాడూ శ్రీకాకుళం కుర్రాడూ సమానం. మాజీ సైనికులకు గ్రూప్-సీలో 10 శాతం రిజర్వేషన్ ఉంది. అగ్నివీరులుగా నాలుగేళ్లు చేసి వచ్చేవాళ్లకు డిఫెన్స్ సివిలియన్ పోస్టుల్లో 10 శాతం కేటాయిస్తామని రక్షణ శాఖ 2022 జూన్‌లో ప్రకటించింది.

4. నోటిఫికేషన్ ఎక్కడ చూడాలి, ఎలా అప్లై చేయాలి

ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ఇప్పటికీ నమ్మదగిన చోటు. నేవీవి జాయిన్ ఇండియన్ నేవీ వెబ్‌సైట్‌లో, ఆర్డినెన్స్ కోర్‌వి ఏఓసీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైట్‌లో, డీఆర్‌డీఓ టెక్నికల్ పోస్టులు దాని నియామక విభాగం సెప్టామ్ పేరుతో డీఆర్‌డీఓ వెబ్‌సైట్‌లో వస్తాయి. వెబ్‌సైట్ పేరు చివర ప్రభుత్వ చిరునామా ఉందో లేదో చూసి గానీ ఫీజు కట్టొద్దు. ఇటీవలి ఇన్‌సెట్‌లలో ఫీజు 295 రూపాయలు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, మాజీ సైనికులు కట్టనక్కర్లేదు. అప్లికేషన్ పెట్టిస్తామని నెట్ సెంటర్ వాళ్లు ఐదొందలు అడిగితే అది వాళ్ల కూలీ, అంతే. నెట్ సెంటర్ ఫోన్ నంబర్, మెయిల్ ఐడీతో మాత్రం రిజిస్టర్ చేయించుకోకండి. ఏడాది తర్వాత కాల్ లెటర్ వాళ్ల మెయిల్‌కు వెళ్తుంది.

ఎయిర్‌ఫోర్స్ గ్రూప్-సీ పోస్టులది ఇంకా పాత పద్ధతి. క్లర్కు, స్టోర్ కీపర్, కుక్, మెస్ స్టాఫ్, డ్రైవర్ లాంటి ఖాళీలను స్టేషన్ల వారీగా ప్రకటించి, పోస్టులో అప్లికేషన్లు తెప్పించుకుంటారు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాను టైపు చేసి, ఫొటో అంటించి సంతకం పెట్టి, సర్టిఫికెట్ల జిరాక్సుల మీద స్వయంగా సంతకాలు చేసి, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన ఇంకో కవరు లోపల పెట్టాలి. పెద్ద కవరు పైన ఏ పోస్టుకు, ఏ కేటగిరీలో అప్లై చేస్తున్నారో పెద్దక్షరాలతో రాయాలి. ఒక స్టేషన్‌లో రెండు పోస్టులకు అప్లై చేస్తే రెండు వేర్వేరు కవర్లు. ఇది చాదస్తంలా అనిపిస్తుంది కానీ, ఇందులో ఒక్కటి తప్పినా కవరు పక్కన పడేస్తారు, ఎందుకు పడేశారో ఉత్తరం కూడా రాయరు. ఆన్‌లైన్‌లో లక్షల మంది రాసే పరీక్షల కంటే ఇక్కడ పోటీ తక్కువ ఉండటానికి ఈ చాదస్తమే కారణమని నా అభిప్రాయం.

5. రాతపరీక్ష

సిలబస్‌లో కొత్తేమీ లేదు: రీజనింగ్, అరిథ్‌మెటిక్, జనరల్ నాలెడ్జ్, ఇంగ్లిష్. ఇన్‌సెట్‌లో ఒక్కోదానికి 25 ప్రశ్నలు, మొత్తం 100, గంటన్నర టైము. ఏఓసీలో 150 ప్రశ్నలకు రెండు గంటలు, రీజనింగ్, జీకే యాభై చొప్పున, తప్పు జవాబుకు పావు మార్కు కోత.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు అసలు గండం ఇంగ్లిష్. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఎంటీఎస్, ఇంటర్ స్థాయి సీహెచ్ఎస్ఎల్ పరీక్షలు ఇప్పుడు తెలుగులో కూడా రాయొచ్చు. ఇన్‌సెట్, ఏఓసీ ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్, హిందీల్లోనే. హిందీ రాష్ట్రాల వాడు లెక్కలు, రీజనింగ్ తన భాషలో చదువుకుంటుంటే మనం ఇంగ్లిష్‌లో అర్థం చేసుకుని చేయాలి. ఇది అన్యాయమే, కానీ పరీక్ష హాల్లో అనుకుని లాభం లేదు. ప్రాక్టీస్ బిట్లు మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే చేయండి. తెలుగులో నేర్చుకుని చివర్లో మారదామంటే ప్రశ్న చదవడానికే సగం టైము పోతుంది.

6. ఫిజికల్, ట్రేడ్ టెస్ట్

క్లర్కుకు టైపింగ్, డ్రైవర్‌కు బండి, కుక్‌కు వంట పరీక్ష. ఇవి క్వాలిఫై అయితే చాలు.

ట్రేడ్స్‌మన్ మేట్‌కు ఏఓసీలో కిలోమీటరున్నర దూరం ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి, 50 కిలోల బరువు మోస్తూ 200 మీటర్లు 100 సెకన్లలో వెళ్లాలి. ఫైర్‌మన్‌ది ఇంకా కష్టం: 63.5 కిలోల మనిషిని ఎత్తుకుని 183 మీటర్లు 96 సెకన్లలో చేరాలి, 2.7 మీటర్ల గోతిని దాటి రెండు కాళ్ల మీద దిగాలి, మూడు మీటర్ల తాడు ఎక్కాలి. ఎత్తు కనీసం 165 సెంటీమీటర్లు, ఎస్టీలకు రెండున్నర సెంటీమీటర్ల మినహాయింపు. పురుషులకు ఉన్న ఈ లెక్కలు మహిళలకు వేరు, నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

మనిషిని మోసే పరీక్షకు చాలామంది ఇసుక బస్తాతో ప్రాక్టీస్ చేస్తారు. బస్తా భుజం మీద ఒకచోట కదలకుండా కూర్చుంటుంది, మనిషి కూర్చోడు. అడుగు వేసినప్పుడల్లా బరువు అటూ ఇటూ జరిగి యాభై మీటర్లు దాటేసరికి నడుము పట్టేస్తుంది. అదే బరువున్న స్నేహితుణ్ని మెడ వెనుక అడ్డంగా వేసుకుని, అతని చెయ్యి, కాలు ఒకే చేత్తో ముందు పట్టుకుని నడవడం నేర్చుకోండి. రెండో చెయ్యి ఖాళీగా ఉంటేనే తూకం దొరుకుతుంది. పరుగెత్తాలని చూడకండి. 96 సెకన్లలో 183 మీటర్లంటే సెకనుకు రెండు మీటర్ల లోపే, మధ్యలో ఆగకుండా వేగంగా నడిస్తే సరిపోతుంది. ఏఓసీలో మామూలుగా ఫిజికల్ ముందు, రాతపరీక్ష తర్వాత పెడతారు. కాబట్టి రిజల్ట్ చూసి మొదలుపెడదామంటే కుదరదు, అప్లై చేసిన రోజు నుంచే మైదానానికి వెళ్లాలి.

7. వెరిఫికేషన్, దళారులు, చేరిక

2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్-సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్-బీ పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేశారు. ఇది ఒక్కటి గుర్తుంటే సగం మోసాలు వాటంతటవే బయటపడతాయి. "ఇంటర్వ్యూలో మనవాడున్నాడు, మూడు లక్షలివ్వు" అన్నవాడు ఏ పోస్టు గురించి చెబుతున్నాడో అడగండి. ఎంఈఎస్ పేరుతో వేలల్లో ఖాళీలంటూ వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లలో ప్రకటన నంబరు, చివరి తేదీ ఉండవు. నియామకానికి ముందు డిపాజిట్ కట్టమనే ప్రభుత్వ ఆఫీసు ఏదీ లేదు.

సెలక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. గత ఐదేళ్లలో ఏడాది దాటి ఉన్న చిరునామాలు, పోలీసు కేసుల వివరాలు అడుగుతారు. ఊరి గొడవలో పేరు ఇరికించిన ఎఫ్ఐఆర్ ఉన్నా, కొట్టేసినా, లోక్ అదాలత్‌లో రాజీ అయినా, ఫారంలో అడిగితే ఉన్నది రాయండి. చిన్న కేసును చూసి వదిలేయవచ్చు, దాచారని తేలితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణమవుతుంది. ఎంక్వయిరీ, మెడికల్ అయ్యేసరికి నెలలు పడతాయి. ఈలోగా చేస్తున్న పని మానేయకండి.

చేతికి వచ్చేదెంతో కూడా చూద్దాం. విశాఖలో లెవల్ 1 ట్రేడ్స్‌మన్ మేట్‌కు మూలవేతనం 18,000. 2025 జులై నుంచి వర్తించిన 58 శాతం డీఏ కలిపితే 28,440. ఇంటద్దె లెక్కలో విశాఖ వై కేటగిరీ నగరం కాబట్టి ఇంటద్దె 20 శాతం, 3,600. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ డీఏతో కలిపి 1,422. మొత్తం 33,462. ఎన్‌పీఎస్ (పెన్షన్ నిధి) కోత 2,844, సీజీహెచ్ఎస్ (వైద్య పథకం) 250 పోను 30 వేల పైచిలుకు. హైదరాబాద్‌లో ఇంటద్దె 30 శాతం. క్వార్టర్ ఇస్తే ఇంటద్దె రాదు. పాత పెన్షన్ ఉండదు, ఎన్‌పీఎస్ లేదా 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం)లో ఒకటి ఎంచుకోవాలి. క్యాంటీన్ కార్డు వస్తుంది, అయితే మందు సీసాల కోసం ఆశపడే బంధువులకు ముందే చెప్పేయండి, ఆ సదుపాయం సైనికులది.

ప్రమోషన్లు నెమ్మది. మేట్ నుంచి స్కిల్డ్, అక్కడి నుంచి హైలీ స్కిల్డ్, మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్, ఛార్జ్‌మన్ అంటూ మెట్లున్నాయి, ఖాళీలు, ట్రేడ్ టెస్టుల మీద ఆధారపడి కదులుతాయి. ప్రమోషన్ రాకపోయినా పదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లకు ఎంఏసీపీ అనే పథకం కింద పే లెవల్ పెరుగుతుంది. దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయొచ్చని ఆర్డర్‌లో రాస్తారు. డాక్‌యార్డు కార్మికుడికి అది అరుదు, ఎంఈఎస్ ఇంజినీర్‌కు మామూలు.

చేరాక పెద్ద పోస్టుకు చదవాలనుకునేవాళ్లకు ఒక సూచన. కొత్త పరీక్షకు అప్లై చేసేముందు ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అడిగి, దాని నకలు దాచుకోండి. కొత్త ఉద్యోగం వచ్చినప్పుడు మామూలు రాజీనామా ఇవ్వకుండా టెక్నికల్ రెసిగ్నేషన్ అని స్పష్టంగా రాసి ఇవ్వండి. అలా చేస్తే పాత సర్వీసు, మిగిలిన సెలవులు కొత్త ఉద్యోగంలోకి వస్తాయి, జీతానికి రక్షణ ఉంటుంది. అనుమతి లేకుండా అప్లై చేసి మామూలు రాజీనామా ఇస్తే ఆ సర్వీసంతా పోయినట్టే.